మనవరాలి హ్యాంగర్లు ఎందుకు విరుగుతున్నాయి?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. కాకినాడలో ఉంటాం. మేడ మీద చిన్న రేకుల షెడ్డు వేసుకుని చెక్కపని నేర్చుకుంటున్నాను. జిగ్ సా (వంపులు కోసే కరెంటు రంపం), డ్రిల్లు, చిత్రిక, రెండు ఉలులు ఉన్నాయి. మూడేళ్ల మనవరాలి బట్టలకు చిన్న హ్యాంగర్లు చేద్దామని మొదలుపెట్టాను. అరంగుళం మందం మామిడి పలక మీద ఆకారం గీసి, ఒకే ముక్కగా కోశాను. చూడ్డానికి బాగానే వచ్చాయి కానీ రెండు భుజం దగ్గర విరిగాయి. ఇంకొకటి హుక్ బిగిస్తుంటే చీలిపోయింది. కొబ్బరినూనె రాస్తే మెరుపైతే వచ్చింది గానీ, పట్టు జాకెట్‌కి మరక అంటుకుంది. టేకు కొనమంటారా? వేప అయితే పురుగు పట్టదని, బీరువాలో కలరా ఉండలు కూడా అక్కర్లేదని మా ఆవిడ అంటుంది. నిజమేనా? అంచులు గుండ్రం చేసే రౌటర్ మెషీన్ కొంటే పని తేలికవుతుందా? హైదరాబాద్‌లో పిల్లల బట్టల షాపు నడుపుతున్న మా అమ్మాయి ఇలాంటివే వంద కావాలంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: మాస్టారూ, నమస్కారం. టేకు కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి. అదే ఆకారాన్ని అదే పద్ధతిలో టేకులో కోసినా మళ్లీ అక్కడే విరుగుతుంది, కాకపోతే డబ్బు ఇంకాస్త ఎక్కువ పోతుంది. పాపం మామిడిని తిట్టుకోవాల్సిన పని కూడా లేదు.

విరిగిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. చెక్కలో పొడుగ్గా సన్నటి గీతలు కనిపిస్తాయి. అదే నార, ఇప్పటి కుర్రాళ్ల మాటలో గ్రెయిన్. మీరు పలకను అడ్డంగా పెట్టి ఆకారం గీశారు కాబట్టి నార కూడా అడ్డంగా, నేలకు సమాంతరంగా పోతోంది. హ్యాంగరు భుజం మాత్రం కిందికి వాలుతోంది. అంటే నారలు భుజం పొడవునా చివరిదాకా పోకుండా, మధ్యలోనే అంచు దాటి బయటికి వచ్చి తెగిపోతున్నాయి. విరిగిన చోట పగులు కూడా ఆ నార వెంటే ఏటవాలుగా పోయి ఉంటుంది, చూడండి.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కలోనే చెబుతాను. నార 5 అంగుళాల పొడవులో 1 అంగుళం పక్కకి జరిగితే చాలు, వంగుడు తట్టుకునే బలం దాదాపు సగానికి పడిపోతుంది. మామూలు హ్యాంగరు భుజం వాలు సుమారు 20 డిగ్రీలు. టాన్ 20 ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. అంటే 2.75 అంగుళాలకే 1 అంగుళం జరుగుతోంది. సగం బలం కూడా మిగల్లేదన్నమాట. బట్ట బరువుకు అదైనా సరిపోయేదే. మూడేళ్ల పిల్ల గౌను ఎంత బరువుంటుంది, పట్టు పరికిణీ అయితే ఎంత? విరిగేది బట్ట బరువుకు కాదు. హ్యాంగరు కింద పడ్డప్పుడు, లేదా ఆ పిల్లే వచ్చి గౌను అంచు పట్టుకుని లాగినప్పుడు.

పాతకాలం వడ్రంగులకు ఈ సంగతి బాగా తెలుసు. నాగలి చేసేవాళ్లు పెద్ద దుంగ తెచ్చి వంపుగా కోసేవాళ్లు కాదు. తుమ్మచెట్టులో సహజంగానే వంపు తిరిగిన కొమ్మ కోసం వెతికేవాళ్లు. వంపు ఎటు తిరిగితే నార కూడా అటే తిరుగుతుంది కాబట్టి దుక్కిలో రాయి తగిలినా నాగలి విరిగేది కాదు. మీ పెరట్లో జామచెట్టు నరికితే అలాంటి వంపు కొమ్మ ఒకటి ఎండబెట్టి దాచుకోండి, సరదాగా ఒక హ్యాంగరు అవుతుంది. అయితే అన్నీ అలా చేయాలంటే ఊళ్లో జామచెట్లు చాలవు.

మనకు కుదిరే పద్ధతి రెండు చేతులూ విడివిడిగా చేసి మధ్యలో కలపడం. షాపుల్లో అమ్మే చెక్క హ్యాంగర్లు చాలావాటికి నడిమధ్యలో పళ్ల దువ్వెనలా ఒక అతుకు కనిపిస్తుంది, గమనించారా? అది చెక్క పొదుపు కోసమే అనుకుంటారు చాలామంది. పొదుపూ ఉంది గానీ, దానివల్ల రెండు చేతుల్లోనూ నార చేయి పొడవునా పోతుంది. ఆ పళ్ల అతుకు మిషన్ లేకుండా చక్కగా రాదు. దానికి బదులు చేత్తో చేసుకోగలిగేది ఒకటి చెబుతాను.

ముందు కొలత. బజారులో చిన్నపిల్లల హ్యాంగర్లు 10, 12 అంగుళాల్లో దొరుకుతాయి కదా అని అవే పట్టుకోకండి. మనవరాలి జాకెట్ ఒకటి బల్ల మీద పరిచి, ఈ భుజం కుట్టు నుంచి ఆ భుజం కుట్టు దాకా కొలవండి. దానికంటే అరంగుళం తక్కువ పెట్టుకోండి. చివరలు కుట్టు దాటి చేతుల్లోకి పోతే అక్కడ బట్ట కొమ్ములా లేచి నిలబడుతుంది, పట్టు అయితే ఆ ముడత ఇస్త్రీకి కూడా తొందరగా లొంగదు. పిల్ల ఎదుగుతుంది కాబట్టి ఇప్పటి సైజువి ఓ అరడజను, దానికంటే 2 అంగుళాలు పెద్దవి ఇంకో అరడజను చేస్తే కొన్నేళ్లు చూసుకోనక్కర్లేదు.

10 అంగుళాల హ్యాంగరు అనుకుందాం. ఒక్కో చేయి అడ్డంగా 12.5 సెంటీమీటర్లు, వాలు మీద కొలిస్తే సుమారు 13.5. కోతలకు, చివర గుండ్రం చేయడానికి వదులుకుని ఒక్కో ముక్క 15 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 12 మి.మీ. మందం ఉండాలి. మీటరు పొడవు పట్టీలో ఆరు ముక్కలు, అంటే మూడు హ్యాంగర్లు వస్తాయి. నార పట్టీ పొడవునా తిన్నగా ఉండాలి. ముడులున్న చోటు వదిలేయండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

రెండు ముక్కల్నీ కలిపే అంచును 70 డిగ్రీల కోణంలో కోయాలి. రెండూ కలిస్తే మధ్యలో 140 వస్తుంది, చెరో పక్క 20 డిగ్రీల వాలు. మీ పాత కోణమానిని ఎక్కడో ఉండే ఉంటుంది, బయటికి తీయండి. కోసిన అంచుల్ని చదునైన గాజు పలక మీద పెట్టి, దీపానికి ఎదురుగా చూడండి. మధ్యలో వెలుతురు దూరితే ఉప్పు కాగితం ఒక చెక్కదిమ్మకి చుట్టి, దాని మీద రుద్ది సరిచేయండి. ఈ రుద్దడంలో తొందరపడకండి, అతుకు అందమంతా ఇక్కడే ఉంది.

అతికించేముందే ఇంకో చిన్న పని. హుక్ దిగాల్సిన రంధ్రం సరిగ్గా ఈ అతుకు గీత మీదే వస్తుంది. అతికించాక 4 సెంటీమీటర్ల లోతున డ్రిల్లు తిన్నగా దింపడం అలవాటున్న చేతికే కష్టం, బిట్టు ఎటో పక్కకి పోయి చెక్క పొట్టలోంచి బయటికి వస్తుంది. అందుకని రెండు ముక్కల కోత అంచుల మీదా, మందంలో సరిగ్గా మధ్యన, పైనుంచి కిందికి సన్నటి గుండ్రటి ఆకురాయితో కాలువలాగా గీయండి. ఒక్కోదాని లోతు ఒక మి.మీ. పైచిలుకు చాలు. రెండూ కలిస్తే 2.5 మి.మీ. రంధ్రం దానంతటదే ఏర్పడుతుంది. అతికించేటప్పుడు అందులో జిగురు పూడుకుపోకుండా, సైకిలు స్పోకు ముక్క ఒకదానికి కొవ్వొత్తి రుద్ది రంధ్రంలో ఉంచండి. జిగురు సగం ఆరాక తిప్పుతూ లాగేస్తే వచ్చేస్తుంది.

జిగురుకి మామూలు ఫెవికాల్ సరిపోతుంది. తడి బట్టలు కూడా వేస్తామంటే మెరైన్ రకం తీసుకోండి. గాజు పలక మీద పాలిథిన్ కాగితం పరిచి, ముక్కలు రెండూ గట్టిగా ఆనించి, పైన మాస్కింగ్ టేపు అడ్డంగా బిగించి రాత్రంతా వదిలేయండి.

ఇప్పుడు ఇది చూడ్డానికి హ్యాంగరే గానీ బలం లేదు. నార తెగిన అంచుల్ని కలిపిన అతుకు జిగురును పీల్చేసుకుంటుంది, పట్టు ఉండదు. అందుకే ముందూ వెనకా చెరో చెంపబిళ్ల అతికించాలి. 6 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న చెక్క ముక్కలు. వీటిలో నార అడ్డంగా, ఈ చేతి నుంచి ఆ చేతికి పోవాలి. బలమంతా ఇవే మోస్తాయి. నాలుగు మూలలూ గుండ్రం చేసి అంచులు వాల్చేస్తే అందంగా కూడా ఉంటాయి. ఇంత పల్చటి చెక్క ఎక్కడ కోయించాలా అని బెంగపడకండి. మాస్టారి ఇంట్లో పాత చెక్క స్కేళ్లకు కొదవుండదు కదా! వాటి మందం, వెడల్పు ఇంచుమించు ఇదే, నార కూడా పొడవునే ఉంటుంది. అడుగు స్కేలుకి నాలుగు బిళ్లలు వస్తాయి. అతికించే వైపు వార్నిష్ పూర్తిగా గీకేయాలి, లేకపోతే జిగురు పట్టదు. అంకెలున్న వైపు పైకి ఉంచారంటే తాతగారి హ్యాంగరు అని వేరే రాయనక్కర్లేదు. క్లాంపులు లేకపోతే పైన ఒక చెక్కముక్క పెట్టి దాని మీద రెండు ఇటుకలు పెట్టండి.

ఇది బాగా ఆరాక, కనీసం ఒక రోజు ఆగాక, అప్పుడు ఆకారం గీయండి. కాగితాన్ని మధ్యకి మడిచి ఒక సగమే గీసి కత్తిరిస్తే రెండు భుజాలూ ఒకేలా వస్తాయి, టైలర్లు గుడ్డ మడిచి కత్తిరించినట్టు. మధ్యలో 4 సెంటీమీటర్లు ఉన్న వెడల్పు చివరికి వచ్చేసరికి రెండున్నరకి తగ్గనివ్వండి. జిగ్ సాకి సన్నపళ్ల బ్లేడు వేసి గీతకి ఒక మి.మీ. బయటగా కోసి, మిగతాది ఆకురాయితో తీయండి. పరికిణీకి కుట్టిన చేతుల్లేని బాడీ, సన్నటి పట్టీల గౌన్లు జారిపోతాయి కదా, వాటికోసం పై అంచున చివరికి అంగుళం ఇవతల గాట్లు పెట్టొచ్చు. కానీ రంపంతో V ఆకారంలో కోయొద్దు. లాగుడంతా పై అంచు మీదే పడుతుంది, పగులు ఆ మొనలోంచే మొదలవుతుంది. గుండ్రటి ఆకురాయితో 4 మి.మీ. లోతుకి మించకుండా పళ్లెం లాంటి గాటు పెట్టండి చాలు.

ఉప్పు కాగితం 80తో మొదలుపెట్టి 120, 180 నంబర్ల దాకా వెళ్లండి. అయిపోయిందా లేదా అని వేలితో తడిమితే తెలీదు, ఇన్నేళ్లు సుద్దముక్క పట్టుకున్న వేళ్లకి అస్సలు తెలీదు. కాస్త దూది తీసుకుని హ్యాంగరంతా తుడిచినట్టు లాగండి. ఎక్కడ దూదిపోగు చిక్కుకుంటే అక్కడ పట్టుదారం కూడా చిక్కుకుంటుంది. అక్కడ మళ్లీ రుద్దండి.

హుక్ విషయానికి వద్దాం. మీ మూడో హ్యాంగరు చీలడానికి కారణం వేరే. మర ఉన్న హుక్‌ని సన్నటి పలక అంచులోకి తిప్పుతుంటే అది మేకులా చెక్కని రెండు పక్కలకీ నెడుతుంది. ముందుగా సరైన రంధ్రం లేకపోతే ఏ చెక్కయినా చీలుతుంది. మన కొత్త పద్ధతిలో రంధ్రం అతుకు మీదే ఉంది కాబట్టి మర బిగించే హుక్ అసలు వాడకూడదు. దానికి బదులు సైకిలు స్పోకు వాడండి. నవ్వకండి, చిన్న హ్యాంగర్లకు ఇంతకంటే మంచి హుక్ నాకు కనిపించలేదు. మందం 2 మి.మీ., గట్టి ఉక్కు, ఒక చివర మర, దానికి సరిపడే నిప్పిల్ (చక్రం అంచు దగ్గర స్పోకుని బిగించే చిన్న నట్టు) కూడా జతగా దొరుకుతాయి. రంధ్రం కింది చివరని 4.5 మి.మీ. బిట్టుతో ఓ 12 మి.మీ. మేర వెడల్పు చేసి, నిప్పిల్ తల లోపలికి అణగడానికి 7 మి.మీ. బిట్టుతో కొంచెం పళ్లెం చేయండి. కిందనుంచి నిప్పిల్ దూర్చి, పైనుంచి స్పోకు దానిలోకి తిప్పితే అయిపోయింది. చెక్కని చీల్చేది ఏదీ లేదు, బరువంతా కింద నిప్పిల్ తల మీద ఆగుతుంది. పైగా హుక్ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. తిరిగీ తిరిగీ మర వదులవకుండా బిగించేటప్పుడు మర మీద అరాల్డైట్ జిగురు చుక్క వేయండి.

స్పోకు వంచడం కాస్త మొండి పని. వదలగానే స్ప్రింగులా వెనక్కి విప్పుకుంటుంది. బీరువా రాడ్డు సాధారణంగా 25 మి.మీ. ఉంటుంది, హుక్ లోపలి వెడల్పు 35 మి.మీ. ఉంటే పిల్లలు కూడా సులువుగా తగిలించగలరు. అందుకని 35 కంటే సన్నటి పైపు చుట్టూ వంచాలి. ఎంత సన్నటిదో ఒకటి రెండు ముక్కలు పాడుచేస్తే మీకే తెలుస్తుంది, పాత స్పోకులే కదా. మర ఉన్న చివరని పట్టుకారుతో పట్టొద్దు, నలిగిపోతుంది. కోసిన చివర మాత్రం సూదిలా ఉంటుంది. అది మీ మనవరాలి కంటి ఎత్తులో వేలాడే వస్తువు. ఆకురాయితో గుండ్రం చేసి, ముక్కు పటకారుతో ఆ చివరని చిన్న సున్నాలా లోపలికి చుట్టేయండి. ఈ పని ఏ ఒక్కదానికీ మానొద్దు. ఇంకోమాట, ఈ 2 మి.మీ. హుక్ పిల్లల బట్టలకే. మీ కోటు తగిలించాలనుకుంటే బైకు స్పోకు చూసుకోండి.

మీరుండేది సముద్రం పక్కన. కాకినాడ గాలికి మామూలు స్పోకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు తెల్ల గౌను మెడ మీదికి దిగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్పోకులు అడిగి తీసుకోండి. షాపువాడు అయస్కాంతం పెట్టి చూపిస్తే దాన్ని బట్టి తేల్చుకోకండి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు కూడా తీగగా సాగదీశాక కొద్దిగా అయస్కాంతానికి అంటుకుంటుంది. ఒక ముక్క తెచ్చి ఉప్పునీళ్లలో తడిపిన తెల్లగుడ్డలో చుట్టి ఉంచితే రెండు మూడు రోజుల్లో నిజం తేలిపోతుంది.

ఇక ఏ చెక్క? టేకు కొనొద్దన్నాను గానీ వాడొద్దనలేదు. తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్తే టేకు పట్టీల మిగులు ముక్కలు ఒక మూల పోగుపడి ఉంటాయి. మనకు కావాల్సింది 15 సెంటీమీటర్ల ముక్కలే, అవి ఆయనకి పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావు. అడితికి వెళ్లి అడుగుల లెక్కన కొనడం కంటే అది ఎంతో నయం. చేవ ఉన్న ముక్కలు ఏరుకోండి, అంచున తెల్లగా ఉండే భాగం వదిలేయండి. పుచ్చు పురుగు ముందు దిగేది ఆ తెల్లదాంట్లోనే. మామిడికి కూడా ఆ బెడద ఉంది. మీ మిగిలిన పలకల కింద పిండిలాంటి మెత్తటి పొడి రాలుతుంటే ఇంట్లోకి తేకండి, బీరువా పక్కన అసలు పెట్టకండి. మీరు కొండపల్లి, నిర్మల్ బొమ్మల పొనికి చెక్క గురించి ఆలోచిస్తున్నారేమో, అది బొమ్మలకి బంగారం గానీ మరీ మెత్తన, హ్యాంగరుకి ఆగదు. ఏటికొప్పాక బొమ్మల వాళ్లు వాడే అంకుడు దానికంటే గట్టిదే, కానీ దాని అందమంతా లేతు మిషన్ మీద తిప్పినప్పుడే.

ఏ చెక్కయినా ఎండి ఉండాలి. పచ్చి చెక్క అతికిస్తే వేసవి వచ్చేసరికి అతుకు నోరు తెరుస్తుంది. ఎండిందో లేదో చూడ్డానికి వంటింటి తూకం చాలు. ముక్క బరువు రాసుకుని, నీడలో గాలి తగిలేచోట పెట్టి, వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగాకే కోతకి తీయండి.

మీ ఆవిడగారి మాట సగం నిజం. వేప చెక్కకి పురుగు అంత సులభంగా పట్టదు, హ్యాంగరుకి మంచి చెక్కే. కాకపోతే దాని నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, చిత్రిక పడుతుంటే పెచ్చులు లేస్తాయి. పదును పెట్టిన చిత్రికతో కొంచెం కొంచెంగా తీయండి. అయితే హ్యాంగరు వేపదైనంత మాత్రాన దాని మీదున్న పట్టుబట్టకి రక్షణ రాదు. చెక్కని తినే పురుగు వేరు, పట్టుని తినే పురుగు వేరు. పట్టుని కొరికేవి ఎక్కువగా చెమట, పాలు, తిండి మరకలున్న చోటికే వస్తాయి. కాబట్టి పరికిణీ విప్పగానే మడిచి లోపల పెట్టేయకుండా, శుభ్రం చేసి, నీడలో ఆరేసి, అప్పుడు పెట్టమనండి.

కలరా ఉండలు అక్కర్లేదన్న మాట మాత్రం ఆవిడ ఏ కారణంతో చెప్పినా సరే, వినండి. వాటిలో ఉండే నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. ఆ లోపం ఉందని చాలామందికి పరీక్ష చేయిస్తే తప్ప తెలీదు. నెలల పిల్లలకి ఇది మరీ ప్రమాదం, పచ్చకామెర్లు తీవ్రమవుతాయి. పిల్లల బట్టలున్న బీరువాలో అవి వద్దు. పైగా మూడేళ్ల పిల్లకి ఆ తెల్ల ఉండలు పిప్పరమెంట్లలా కనిపిస్తాయి.

పాలిష్ సంగతి. కొబ్బరినూనె ఎన్నాళ్లైనా ఆరదు, వేరుశెనగ నూనె కూడా అంతే. అవి చెక్క మీద తడిగానే ఉండి బట్టకి ఎక్కుతాయి. ఇప్పుడున్న హ్యాంగర్లని స్పిరిట్‌తో తుడిచి చూడండి గానీ, లోపలికి ఇంకిన నూనె పూర్తిగా పోదు, పట్టుబట్టలకి వాటిని వాడకండి. ఆరే నూనె కావాలంటే అవిసె నూనె. దాన్ని గుడ్డతో పల్చగా రాసి, మిగులు తుడిచేసి, రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఆ తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండలా చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డలు వాటంతటవే నిప్పంటుకుని మండొచ్చు. మీ షెడ్డు రేకులది, మధ్యాహ్నం అసలే కొలిమిలా ఉంటుంది. గుడ్డల్ని నీళ్లలో తడిపి, విప్పి ఆరేసి, తర్వాతే పారేయండి.

నన్నడిగితే పిల్లల హ్యాంగర్లకి లక్క పాలిష్ వేయండి. లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో పల్చగా మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య వాడేసిన ఉప్పు కాగితంతో ఒక తుడుపు. గంటల్లో ఆరుతుంది, ఆరాక వాసన ఉండదు, పిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేదు. దీనికి ఉన్న లోపం తడి. తడి బట్ట వేస్తే తెల్లటి మచ్చలు వస్తాయి. ఆరేసుకోవడానికి కూడా వాడతామంటే వడ్రంగుల దగ్గర దొరికే పీయూ (పాలీయురేథేన్) పాలిష్ వేసి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి వదలండి. రంగులు వేయాలని మనవరాలు పట్టుబడితే షెడ్డులో మిగిలిపోయిన పాత డబ్బా మూత తీయకండి. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు డబ్బాల్లో ఎంత ఉందో చెప్పలేం. సీసం కలపలేదని రాసి ఉన్న కొత్త డబ్బా కొనండి.

పాలిష్ అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. లక్కకి తడి పడదు కాబట్టి హ్యాంగరు మీద కాదు, అదే చెక్క మిగులు ముక్కకి అదే పాలిష్ వేసి, పాత తెల్ల చేతిరుమాలు తడిపి దాని మీద రాత్రంతా వేసి ఉంచండి. పొద్దున రుమాలు మీద గోధుమ రంగు చార కనిపిస్తే, టేకు రంగు ఇంకా దిగుతోందన్నమాట. ఇంకో రెండు కోట్లు పడాలి. పట్టు జాకెట్ ఆ తర్వాతే.

రౌటర్ వద్దు. డబ్బు గురించి కాదు నేను చెప్పేది. 15 సెంటీమీటర్ల ముక్కని నిమిషానికి వేల చుట్లు తిరిగే బిట్టు దగ్గర పట్టుకుంటే వేళ్లకీ బిట్టుకీ మధ్య దూరం ఏమీ మిగలదు. చిన్న ముక్క ఒక్కసారి బిట్టుకి చిక్కుకుందంటే చేతిని కూడా లోపలికి లాగుతుంది. అంచులు గుండ్రం చేయడానికి ఒక మంచి అర్ధచంద్రాకారపు ఆకురాయి చాలు, అది కొనండి. జిగ్ సాతో కోసేటప్పుడు కూడా ముక్కని చేత్తో పట్టుకోకుండా బల్లకి బిగించండి. టేకు పొడికి కొందరికి దద్దుర్లు, దగ్గు వస్తాయి కాబట్టి రుద్దేటప్పుడు మాస్కు ఉండాలి.

అమ్మాయి అడిగిన వంద గురించి, ఏమీ అనుకోకపోతే ఒక మాట. పైన చెప్పినదంతా ఒక్కో హ్యాంగరుకి చేయండి, ఆరబెట్టే సమయం వదిలేసి మీ చేయి పడే గంటలు మాత్రం కాగితం మీద వేయండి. దాన్ని వందతో గుణించండి. షాపువాళ్లకి ఇలాంటి హ్యాంగర్లు టోకున డజన్ల లెక్కన వస్తాయి, ఆ ధరకి మీరు చెక్క, స్పోకులు, పాలిష్ కొనడమే కష్టం. మీరిప్పుడు సరదాగా చేస్తున్న పని వంద అనగానే టెన్షన్ అవుతుంది. ఇరవయ్యోది చేసేసరికి హుక్ చివర చుట్టడం, దూది పరీక్ష లాంటివి వదిలేయాలనిపిస్తుంది, అవే వదలకూడనివి. షాపు అద్దం దగ్గర, బొమ్మకి వేసిన పట్టు పరికిణీల పక్కన పెట్టుకోవడానికి ఒక డజను చేసి ఇవ్వండి. మిగతా ఎనభై ఎనిమిదీ టోకు వ్యాపారి దగ్గర కొనుక్కోమనండి. ఆ డజనూ మొదలుపెట్టేముందు ఆమె షాపులో రాడ్డు మందం ఎంతో ఫోన్ చేసి అడగండి. కొన్ని షాపుల్లో 25 మి.మీ. కంటే లావు పైపులు వాడతారు, అలా అయితే హుక్ 45 మి.మీ. వెడల్పుకి వంచాలి.